కంపెనీయే నేరుగా అమ్మే కారు: శ్రీకాకుళం జిల్లా వాళ్లకి బిల్లు, నంబరు, సర్వీసు ఎలా?

టెక్కలి_రోడ్డు:
నమస్కారం అండి. పలాస నుంచి అడుగుతున్నాను. ఇంట్లోకి ఎలక్ట్రిక్ కారు చూస్తున్నాం, అరవై లక్షల లోపు. చివరికి రెండు బండ్లు తేలాయి. మొదటిదానికి విశాఖలో షోరూమ్ ఉంది. కానీ ధర దేశమంతా ఒక్కటే, బిల్లు కంపెనీయే ఇస్తుంది, మేం బండి అప్పగిస్తామంతే అంటున్నారు. రెండోదానికి ఆంధ్రాలో షోరూమే లేదు. ఫోన్లో బుక్ చేసుకుంటే లారీ మీద ఇంటికే పంపుతారట.

డీలర్ దగ్గర కొనడం ఎలాగో తెలుసు. ఇది కొత్త. బేరం లేకపోతే మనకి నష్టమేనా? వేరే రాష్ట్రం నుంచి దిగిన బండికి శ్రీకాకుళంలో నంబరు ఎలా వస్తుంది, లైఫ్ టాక్స్ ఎక్కడ కట్టాలి? రేపు లోపం బయటపడితే ఎవర్ని పట్టుకోవాలి? సర్వీసుకి ప్రతిసారీ విశాఖ వెళ్లాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నాగావళి_గట్టు:
టెక్కలి రోడ్డు గారూ, బుకింగ్ డబ్బు కట్టకముందే రెండు కంపెనీలనీ ప్రొఫార్మా ఇన్‌వాయిస్, అంటే అమ్మకానికి ముందు ఇచ్చే ముసాయిదా బిల్లు, అడగండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. చేతికొచ్చాక మూడు చోట్ల చూడాలి. అమ్మేవాడిగా ఎవరి పేరుంది, జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలేంటి, డబ్బు పంపమన్న ఖాతా ఎవరిది. 37 అంటే ఆంధ్రా, 36 తెలంగాణ, 27 మహారాష్ట్ర, 21 ఒడిశా. మీరడిగిన నాలుగు ప్రశ్నల్లో మూడింటికి జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

నేరుగా అమ్మడం అని ఒకే మాట వాడుతున్నాం గానీ అందులో రెండు రకాలున్నాయి. మెర్సిడెస్ బెంజ్ 2021 అక్టోబరులో మన దేశంలో మొదలుపెట్టింది ఏజెన్సీ పద్ధతి. స్టాకు కంపెనీది, ధర కంపెనీది, బిల్లు కంపెనీది. పాత డీలరే షోరూమ్ నడుపుతాడు, టెస్ట్ డ్రైవ్ ఇస్తాడు, డెలివరీ ఇస్తాడు, వర్క్‌షాపు చూసుకుంటాడు. బండికి ఇంత అని కమిషన్ తీసుకుంటాడు. రెండో రకంలో మధ్యలో ఎవరూ ఉండరు. 2025 జూలైలో ముంబైలో షోరూమ్ తెరిచిన టెస్లాది ఆ పద్ధతి. మీ మొదటి బండి మొదటి రకం, రెండోది రెండో రకం.

ఇక బేరం సంగతి. డీలర్ తగ్గించేది తన మార్జిన్‌లోంచి, నెలాఖరు టార్గెట్ మీద వచ్చే బోనస్‌లోంచి. బండి కొని యార్డులో పెట్టుకున్నది అతనే, దాని మీద బ్యాంకు వడ్డీ నడిచేది అతనికే. అందుకే మూడు నెలలు కదలని రంగు, కదలని వేరియంట్ వదిలించుకోవడానికి దిగుతాడు. ఏజెన్సీలో ఆ బరువు అతని మీద లేదు, కాబట్టి దిగాల్సిన అవసరమూ లేదు, అధికారమూ లేదు. డీలర్ తన సొంత సరుకుని ఎంతకి అమ్మాలో కంపెనీ కట్టడి చేస్తే మాత్రం అది కాంపిటీషన్ చట్టం కిందకి వస్తుంది. డీలర్ల డిస్కౌంట్లని అదుపు చేసిందని 2021 ఆగస్టులో మారుతికి కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల జరిమానా వేసింది. సరుకే కంపెనీది అయినప్పుడు తన ధర తాను పెట్టుకుంటుంది.

నా అభిప్రాయంలో మన జిల్లా వాళ్లకి ఒకే ధర మేలే చేస్తుంది. హైదరాబాదులో ఐదుగురు డీలర్ల దగ్గర కొటేషన్లు తెచ్చి ఒకడి మీద ఒకణ్ణి పోటీ పెట్టగలిగేది అక్కడివాళ్లు. ఒకే షోరూమ్‌కి కట్టుబడి ఉన్న పలాస మనిషికి ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు. ఎక్స్-షోరూమ్ ధర మీద మాట వదిలేసి ఎక్స్ఛేంజ్ బోనస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, చార్జర్ బిగింపు, యాక్సెసరీలు, వీటి మీద అడగండి. వీటిలో ఇంకా కదలిక ఉంటుంది.

లోపం వస్తే ఎవర్ని పట్టుకోవాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. మామూలు డీలర్‌షిప్‌లో కంపెనీ డీలర్‌కి అమ్ముతుంది, డీలర్ మనకి అమ్ముతాడు. రెండూ వేర్వేరు అమ్మకాలు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన గోవా కేసు ఇలాంటిదే. కొనేవాడు 2011 మోడల్‌కి డబ్బు కట్టాడు, డీలర్ 2009లో తయారైన బండి అంటగట్టాడు. డీలర్ చేసిన ఆ తప్పు కంపెనీకి తెలుసని రుజువు లేనప్పుడు కంపెనీని బాధ్యుణ్ణి చేయలేమని కోర్టు తేల్చింది. డీలర్ షట్టర్ దించేసి ఉంటే కొన్నవాడి గతి ఆలోచించండి. బిల్లే కంపెనీ ఇచ్చినప్పుడు, మధ్యలో వేరే వ్యాపారి అమ్మాడు, నాకు తెలీదు అనే వాదన దానికి మిగలదు. నేరుగా కొనడంలో పెద్ద లాభం ఇదే.

బుకింగ్ షరతుల్లో వివాదాలన్నీ ముంబై కోర్టులకే అని రాసుంటుంది. దానికి బెదిరిపోవద్దు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవాడు ఉండే ఊరిని బట్టే ఫిర్యాదు వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 50 లక్షల దాకా అయితే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్. అంతకు పైన, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. 20 నుంచి 50 లక్షల దాకా ఫీజు 1,000 రూపాయలు, 50 లక్షలు దాటితే 2,000. ఆన్‌లైన్లోనే వేయొచ్చు.

కోట_జంక్షన్_విజీనగరం:
నంబరు సంగతి నేను చెప్తాను.

2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, అమ్మిన డీలర్‌ది, మీది ఒకే రాష్ట్రమైతే రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టాల్సింది డీలరే. మీ విశాఖ బండికి ఆ పని షోరూమ్ వాళ్లే చేసేస్తారు. మీరు ఆధార్, పాన్, ఫొటో ఇస్తే చాలు.

వేరే రాష్ట్రం నుంచి వచ్చే బండి అలా కాదు. అక్కడ టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేసి పంపుతారు. టీఆర్ గడువు గరిష్ఠంగా ఆరు నెలలు ఇవ్వొచ్చని చట్టంలో ఉంది గానీ మీ కాగితం మీద ఏ తేదీ పడిందో అదే లెక్క. బండి దిగిన వారంలోనే ఆర్టీవో ఆఫీసులో పని మొదలెట్టండి. కావలసినవి ఇవి: ఫారం 20 దరఖాస్తు, అప్పు ఉంటే దాని మీద బ్యాంకు సంతకం, ఫారం 21 అమ్మకపు సర్టిఫికెట్, ఫారం 22 రోడ్డు యోగ్యత సర్టిఫికెట్, టీఆర్, ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్, చిరునామా రుజువు. లైఫ్ టాక్స్ ఇక్కడే కట్టాలి. అక్కడ టీఆర్‌కి కట్టింది ఫీజు మాత్రమే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి ఛాసిస్ నంబరు పోల్చుకుంటాడు.

పని ఎక్కడ ఆగిపోతుందంటే అక్షరాల దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇన్‌వాయిస్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఫారం 21లో ఛాసిస్ నంబరు ఒక అంకె తారుమారవుతుంది. విశాఖ షోరూమ్ అయితే మధ్యాహ్నానికి కొత్త కాగితం తెచ్చుకోవచ్చు. ముంబైలో కూర్చున్న ఆఫీసుతో అదే పని రోజుల తరబడి సాగుతుంది. అందుకే బండి లారీ ఎక్కకముందే ఫారం 21, 22, ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్ నాలుగూ పీడీఎఫ్‌లో తెప్పించుకుని పేరు, చిరునామా, ఛాసిస్ నంబరు, మోటారు నంబరు, తయారైన నెల, ఏడాది అక్షరం అక్షరం సరిచూడండి.

మన రాష్ట్రంలో 2022 నుంచి కార్ల లైఫ్ టాక్స్ స్లాబుల ప్రకారం ఉంది. 5 లక్షల లోపు 13 శాతం, 10 లక్షల దాకా 14, 20 లక్షల దాకా 17, ఆ పైన 18. ఎలక్ట్రిక్ బండ్లకి రాయితీ ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి నడుస్తుంది కాబట్టి సేల్స్ వాళ్ల మాట మీద వెళ్లకుండా టాక్స్ కట్టే వారంలో ఆఫీసులో అడిగి రూఢి చేసుకోండి. అరవై లక్షల బండి మీద 18 శాతం అంటే 10 లక్షల 80 వేలు. చిన్న తేడా కాదు.

హై సెక్యూరిటీ నంబరు ప్లేటు సంగతి ముందే రాతలో తీసుకోండి. 2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకి ఆ ప్లేటు ఇప్పించే బాధ్యత కంపెనీదే. ఆంధ్రాలో షోరూమ్ లేని కంపెనీ ఆ ప్లేటు ఎవరి చేత, ఏ ఊళ్లో బిగించి ఇస్తుందో ఈమెయిల్లో రాయించుకోండి.

టెక్కలి_రోడ్డు:
చాలా ఉపయోగపడే వివరాలు, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. బరంపురంలో చుట్టాలున్నారు, వాళ్ల చిరునామా మీద ఒడిశా నంబరు వేయించుకుంటే టాక్స్ తగ్గుతుందని ఒకరన్నారు. ఇంకొకరేమో మా జీడిపప్పు ఫ్యాక్టరీ పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందన్నారు. రెండూ నిజమేనా?

కోట_జంక్షన్_విజీనగరం:
మొదటిది చెయ్యకండి. చట్టం ప్రకారం మీరు ఉండే చోటో, వ్యాపారం ఉన్న చోటో, బండి మామూలుగా నిలిపి ఉంచే రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయించాలి. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు దాటి ఇక్కడే తిరిగితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అంటే అక్కడ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ టాక్స్, అక్కడ కట్టినదాని వాపసు కోసం తిరగడం. అప్పు ఉంటే బ్యాంకు సమ్మతి కూడా కావాలి. ఇచ్ఛాపురం దగ్గర తనిఖీల్లో ఆపితే రుజువు చేసుకోవాల్సిందీ మీరే.

నాగావళి_గట్టు:
రెండోదీ పొరపాటే. 13 మంది దాకా కూర్చునే కార్ల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాకుండా జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 17(5) ఆపేస్తుంది. కార్ల వ్యాపారం, ట్యాక్సీలు, డ్రైవింగ్ స్కూలు లాంటివాటికే మినహాయింపు. జీడిపప్పు ఫ్యాక్టరీకి రాదు. ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతమే, దాని కోసం ఇంత తంటా అక్కర్లేదు. ఫ్యాక్టరీ పేరు మీద కొంటే ఆదాయపన్ను లెక్కల్లో తరుగుదల రాసుకోవచ్చు, ఆ మేరకు లాభమే. కానీ రేపు కమిషన్‌లో ఫిర్యాదు వేస్తే ఇది వ్యాపారం కోసం కొన్న బండి, వీళ్లు వినియోగదారులు కారు అని కంపెనీ మొదటి అభ్యంతరం అక్కడే లేవదీస్తుంది. ఇంట్లో వాడుకునే బండికి సొంత పేరే మంచిది.

యార్డ్_నుంచి:
పైవాళ్లు చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ డీలర్ చేసే పనిని మరీ తక్కువ చేసి చూస్తున్నారనిపించింది. ఏటంటే, బండి ఫ్యాక్టరీ నుంచి దిగాక కస్టమర్ చేతికొచ్చేలోపు జరిగే తనిఖీ మీదే సగం గొడవలు తీరిపోతాయి. ఆ తనిఖీ ఎవరు చేస్తారన్నది నేరుగా కొనేటప్పుడు అందరూ మర్చిపోయే ప్రశ్న.

డీలర్ దగ్గర అయితే రిజిస్ట్రేషన్‌కి ముందే యార్డుకి వెళ్లి బండి చూసి, నచ్చకపోతే ఇంకోటి అడగొచ్చు. ఇంటికొచ్చే బండికి టీఆర్ అయిపోయే ఉంటుంది, అంటే అప్పటికే అది మీ పేరు మీదుంది. గీత కనపడితే మార్చి ఇవ్వరు, రంగేసి ఇస్తామంటారు. కాబట్టి టీఆర్‌కి ముందే ఛాసిస్ నంబరు, ఓడోమీటరు, నాలుగు పక్కలా ఎండలో తీసిన వీడియో అడగండి. దానికి మీరు సరే అన్నాకే టీఆర్ చేయాలని రాతపూర్వకంగా చెప్పండి. తయారై ఆరు నెలలు దాటిన బండి వద్దని కూడా అప్పుడే చెప్పాలి.

లారీ ఇంటి ముందుకొచ్చినప్పుడు చూడాల్సినవి. పగలే దింపించండి, బండి తడిగా ఉంటే తుడిపించాకే చూడండి, నీళ్ల కింద గీతలు దాక్కుంటాయి. ర్యాంపు మీంచి దింపేటప్పుడు ముందు బంపర్ కింది అంచు ఒరుసుకుంటుంది, వంగి చూడాలి. చక్రాలకి బెల్టులు వేసి బిగిస్తారు కాబట్టి అల్లాయ్‌ల మీద గాట్లు పడతాయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 1825 అంటే 2025లో 18వ వారం. నాలుగు టైర్లవీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి మాత్రం చాలా తేడాగా ఉంటే మార్చారని అర్థం. అద్దాల మీద కంపెనీ గుర్తు అన్నిటికీ ఒకేలా ఉండాలి. డిక్కీలో మ్యాటు ఎత్తి తడి ఉందేమో తడిమి చూడండి.

ఎలక్ట్రిక్ బండికి ఇంకో రెండు. పెద్ద బ్యాటరీ పూర్తిగా నిండిపోయో, పూర్తిగా ఖాళీ అయిపోయో నెలల తరబడి యార్డులో పడుండటం మంచిది కాదు. దిగినప్పుడు ఎంత చార్జ్ ఉందో ఫొటో తీసుకోండి. ఎక్కువ రోజులు కదలకపోతే లోపలుండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోతుంది. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీలో చార్జ్ ఉన్నా బండి లేవదు, తలుపులు కూడా సతాయిస్తాయి. మల్టీమీటరు పెడితే, మామూలు లెడ్ బ్యాటరీ అయితే, 12.4 వోల్టుల పైన చూపించాలి. డ్రైవరు తొందరపెట్టినా సరే, చార్జింగ్ కేబుల్ పెట్టి బండి చార్జ్ తీసుకుంటోందని చూశాకే డెలివరీ చలానా మీద సంతకం పెట్టండి. లోపం కనపడితే చలానా మీదే చేత్తో రాసి, ఫొటోలు అదే రోజు ఈమెయిల్ చేయండి.

పాత కారు ఎక్స్ఛేంజ్ ఇస్తున్నారా? కొనే డీలర్‌కి ఆర్టీవో అధికార పత్రం ఉందో లేదో చూసి, ఫారం 29సీ ద్వారా బండి అప్పగించినట్టు ఆన్‌లైన్లో తెలియజేయండి. 2023 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి ఉంది. అలా చేయకుండా తాళాలిచ్చేస్తే పేరు మారేదాకా చలాన్లూ, యాక్సిడెంటు కేసులూ మీ మెడకే.

ఇంకో మాట. కంపెనీలూ మూతపడతాయి. 2017లో జనరల్ మోటార్స్, 2021లో ఫోర్డ్ ఇక్కడ అమ్మకాలు ఆపేశాక, ఆ బండ్లకి సర్వీసు చేసింది వర్క్‌షాపు మీద సొంత డబ్బు పెట్టిన పాత డీలర్లే.

నాగావళి_గట్టు:
మీ చివరి మాట ఒప్పుకుంటాను. కానీ ఆ డీలర్లని కూడా కంపెనీలు వదిలేశాయి కదండీ. మన దేశంలో డీలర్లని కాపాడే ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది, అందుకే అక్కడ కొన్నిచోట్ల కంపెనీ నేరుగా అమ్మడమే కుదరదు. టెక్సాస్‌లో టెస్లాకి ఫ్యాక్టరీ ఉన్నా ఆ రాష్ట్రంలో మామూలు డీలర్‌లా అమ్మే లైసెన్సు లేదు. మన దగ్గర అడ్డు లేదు గానీ, రిజిస్టర్ కాని బండ్లు ఉంచుకునే ప్రతి షోరూమ్‌కీ రవాణా శాఖ ఇచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలి. నేరుగా అమ్మే ఎలక్ట్రిక్ స్కూటర్ల దుకాణాల మీద 2025లో కొన్ని రాష్ట్రాల్లో తనిఖీలు జరిగి బండ్లు పట్టుకున్నది ఈ కాగితం లేకే. విశాఖ షోరూమ్‌లో అది గోడకి తగిలించి ఉందో లేదో చూసి రండి.

రాజాం_వైరింగ్:
సర్వీసు, చార్జింగ్ గురించి. పలాస నుంచి విశాఖ దాదాపు 180 కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ బండికి ఆయిల్ మార్పిడి లేదు కాబట్టి మామూలు సర్వీసుకి ఏడాదికోసారి వెళ్తే సరిపోయే కంపెనీలే ఎక్కువ. అసలు చిక్కు యాక్సిడెంటు రిపేరు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఉచితంగా ఎన్ని కిలోమీటర్లు లాక్కెళ్తారు, దాటితే కిలోమీటరుకి ఎంత, లాగే బండి ఫ్లాట్‌బెడ్డేనా, ఈ మూడూ అడగండి. చక్రాలు నేల మీద దొర్లుతూ లాగితే మోటారు పాడైపోతుంది. యాభై కిలోమీటర్ల పరిమితి ఉన్న ప్లాన్ పలాసకి పనికిరాదు. క్యాష్‌లెస్ ఇన్సూరెన్స్, అంటే రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లే నేరుగా కట్టేది, కూడా ఆ బ్రాండు బాడీషాపు విశాఖలో ఉందో హైదరాబాదులో ఉందో తెలుసుకుని తీసుకోండి. ఇన్సూరెన్స్‌ని కారు కంపెనీ వాళ్ల దగ్గరే తీసుకోవాలని ఎవరూ బలవంతపెట్టకూడదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లు తప్పనిసరి, సొంత డ్యామేజీ ఒక ఏడాదికి చాలు.

ఇంటి చార్జర్ 7.2 కిలోవాట్లదైతే 32 ఆంపియర్లు లాగుతుంది. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోకపోతే ఏసీలు వేసిన రాత్రి మెయిన్ పడిపోతుంది. మీటరు నుంచి చార్జర్ దాకా విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, 20 మీటర్లు దాటితే 10ది. 40 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎర్త్ పిట్ కొత్తది తవ్వించి 5 ఓమ్‌ల లోపు వచ్చిందని మీటరు పెట్టి చూపించమనండి. మన వైపు ఇళ్లలో చార్జర్ ఎర్రదీపం చూపించి ఆగిపోవడానికి ఎక్కువగా కారణం ఎర్తింగే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ పెరిగితే అది చార్జింగ్ ఒప్పుకోదు. బిగింపు ఉచితం అన్నా ఎన్ని మీటర్ల కేబుల్ దాకా ఉచితమో, మనిషి పలాస దాకా వస్తాడో లేదో అడగండి.

టెక్కలి_రోడ్డు:
రెండు ప్రొఫార్మాలూ వచ్చాయండి. విశాఖదాని మీద కంపెనీ పేరే ఉంది, జీఎస్టీ నంబరు 37తో మొదలైంది. రెండోది 27. విశాఖ వాళ్లు మాత్రం బుకింగ్ సొమ్ము షోరూమ్ ఖాతాకి పంపమంటున్నారు.

నాగావళి_గట్టు:
పంపకండి. బిల్లు ఎవరిదో ఖాతా వాళ్లదే కావాలి. యాక్సెసరీలకీ ఇన్సూరెన్స్‌కీ అయితే షోరూమ్ ఖాతా ఉండొచ్చు, వాటికి వేరే రసీదు. బండి సొమ్ము మాత్రం ప్రొఫార్మా మీదున్న కంపెనీ ఖాతాకే ఆర్‌టీజీఎస్ చేయాలి, బ్యాంకు అప్పు సొమ్ము కూడా అక్కడికే పోవాలి. వాట్సాప్‌లో వచ్చిన ఖాతా నంబరు, క్యూఆర్ కోడ్ నమ్మొద్దు. కంపెనీ అసలు వెబ్‌సైటులో ఉన్న కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పోల్చుకోండి. 10 లక్షలు దాటిన బండి కాబట్టి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడు మన దగ్గర వసూలు చేసి మన పేరు మీద కట్టే ఆదాయపన్ను, వేస్తారు. అది మీ పాన్ మీద పడిందా లేదా ఆదాయపన్ను వెబ్‌సైటులో చూసి, టీసీఎస్ సర్టిఫికెట్ తీసుకుంటే రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. పాన్ నంబరు తప్పు పడితే ఆ అరవై వేలూ ఇంకొకరి లెక్కలోకి పోతాయి, ప్రొఫార్మాలోనే ఇప్పుడే చూసుకోండి.